వరసకి బావ, మాటకి అన్న: ‘జేన్ ఐర్’ చివరి పేజీ

ఒడిశా సరిహద్దు ఊరైన పర్లాకిమిడిలో ఒక తెలుగింటి పాఠకురాలు ‘జేన్ ఐర్’ నవల ముగించి, పుస్తకం ఇంకా చేతిలో ఉండగానే అడిగిన మొదటి ప్రశ్న ప్రేమను గురించి కాదు, పెళ్లిని గురించీ కాదు. “సొంత మేనత్త కొడుకుని పట్టుకుని అన్నయ్యంటాదేటి ఈ పిల్ల?” అని ఆమె ఆశ్చర్యపోయింది. ఈ నవల ముగింపు మీద నూట డెబ్భై ఏళ్లకు పైగా చర్చ నడుస్తోంది. కథానాయకుడి గుడ్డితనం అతని పాపానికి శిక్షా, ఇల్లు తగలబడినప్పుడు మొదటి భార్య చనిపోవడం రచయిత్రి వెతుక్కున్న తేలిక దారా, ప్రేమకథ చివరి మాట ఒక మత బోధకుడికి ఎందుకు దక్కింది అన్న ప్రశ్నలు పదే పదే వచ్చాయి. వరస దగ్గర మొదలయ్యే ప్రశ్న మాత్రం ఆ చర్చలో కనిపించదు. అది తెలుగు ఇంట్లో పుట్టే ప్రశ్న. ఒడియా మాట్లాడే ఇరుగుపొరుగు మధ్య బతికే తెలుగు ఇంట్లో అది మరింత పదునుగా పుడుతుంది. చివరి పేజీ ఎందుకు అలా ఉందో తేల్చుకోవడానికి మిగిలిన ప్రశ్నలన్నిటికన్నా ఇదే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

షార్లెట్ బ్రాంటీ ఈ నవలను 1847 అక్టోబరులో కర్రర్ బెల్ అన్న మారుపేరుతో ప్రచురించింది. మొత్తం 38 అధ్యాయాలు. తల్లిదండ్రులు లేని జేన్, థార్న్‌ఫీల్డ్ అనే పెద్ద ఇంట్లో పిల్లకు చదువు చెప్పడానికి కుదిరి, ఆ ఇంటి యజమాని రోచెస్టర్‌ను ప్రేమిస్తుంది. అతనికి అదివరకే పెళ్లయిందనీ, మతి చలించిన భార్య బెర్తాను అదే ఇంటి పై అంతస్తులో దాచి ఉంచాడనీ పెళ్లిపీట దాకా వచ్చాక బయటపడుతుంది. జేన్ ఆ ఇల్లు వదిలి వెళ్లిపోయి, ఆకలితో వానలో తిరిగి తిరిగి, చివరికి ఒక ఇంటి గుమ్మం ముందు పడిపోతుంది. ఆ ఇంటివాళ్లు సెయింట్ జాన్ రివర్స్, అతని చెల్లెళ్లు డయానా, మేరీ. వాళ్లు తన రక్తసంబంధీకులేనని జేన్‌కి తర్వాత తెలుస్తుంది. క్రైస్తవ బోధ కోసం ఇండియా వెళ్లడానికి సిద్ధమవుతున్న సెయింట్ జాన్ తనను పెళ్లాడి వెంట రమ్మని అడుగుతాడు. జేన్ కాదంటుంది. థార్న్‌ఫీల్డ్ తగలబడి, బెర్తా చనిపోయి, చూపూ ఒక చెయ్యీ పోగొట్టుకుని ఫెర్న్‌డీన్ అనే అడవి మధ్య ఇంట్లో ఒంటరిగా ఉన్న రోచెస్టర్ దగ్గరికి వెళ్లి అతన్ని పెళ్లి చేసుకుంటుంది. ఆ తర్వాత పదేళ్ల కాపురాన్ని కొన్ని పేరాల్లో చెప్పి, నవల చివరి మూడు పేరాలనూ సెయింట్ జాన్‌కి ఇచ్చేస్తుంది.

ఇక వరసల సంగతి. జేన్ తల్లి, గేట్స్‌హెడ్‌లోని రీడ్ గారికి తోబుట్టువు. అంటే అనాథ పిల్లను ఇంటికి తెచ్చి పెంచిన రీడ్ ఆమెకు మేనమామ. అతను చనిపోతూ, ఈ పిల్లను సొంత బిడ్డలా చూసుకోమని భార్య చేత మాట తీసుకున్నాడు. ఆ మాట తప్పి పిల్లను హింసించిన శ్రీమతి రీడ్ జేన్‌కి అత్త. పుస్తకం విసిరి పదేళ్ల పిల్ల తల పగలగొట్టిన పద్నాలుగేళ్ల జాన్ రీడ్ మేనమామ కొడుకు, అంటే బావ. ఇంగ్లీషులో ‘ఆంట్’, ‘కజిన్’ అన్న రెండు పొడి మాటల్లో ఇదంతా కలిసిపోతుంది. తెలుగులోకి వచ్చేసరికి మొదటి అధ్యాయాలు మనకు బాగా తెలిసిన ఇంటి కథగా మారిపోతాయి. ఆడపడుచు కూతుర్ని భరించలేని అత్త, మరదలి మీద చెయ్యి చేసుకునే బావ, ఆ పిల్ల పక్షాన నిలిచే ఒక్క మనిషీ మట్టిలో కలిసిపోయిన మేనమామ ఇల్లు. ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల కథ చివర ఎవరి దగ్గరికి చేరుతుందన్న ప్రశ్నకు తెలుగు చెవిలో సహజంగానే వేరే బరువు ఉంటుంది.

నవల మూడో భాగంలో ఇంకో వైపు చుట్టరికం బయటపడుతుంది. సెయింట్ జాన్ తల్లి ఐర్ ఇంటి ఆడపిల్ల, జేన్ తండ్రికి సొంత తోబుట్టువు. అంటే సెయింట్ జాన్ మేనత్త కొడుకు. తెలుగు లెక్కలో అతను బావ. అందులోనూ పెళ్లి మాట వచ్చినప్పుడు ముందుగా తలుచుకునే బావ. అతని వయసు ముప్ఫైకి కొంచెం తక్కువ, జేన్‌కి పంతొమ్మిది. డయానా, మేరీ ఆమెకు వదినలు. ఈ సంగతి తెలిసిన రాత్రి జేన్ ఎలా ప్రవర్తించిందో చూడాలి. తండ్రి సోదరుడు ఇరవై వేల పౌండ్లు రాసి చనిపోయాడని తెలిసినప్పుడు ఆమె పెద్దగా కదలలేదు. డబ్బు బరువు మనిషిని ఎగరనివ్వదన్నట్టుగా కూర్చుండిపోయింది. ఈ ముగ్గురూ తనవాళ్లని తెలియగానే మాత్రం చప్పట్లు కొట్టి గదంతా తిరిగింది. ఆస్తిని నాలుగు సమాన భాగాలు చేసి తలా ఐదు వేలు పంచింది. పుట్టిల్లు లేని పిల్ల పుట్టిల్లు సంపాదించుకున్న ఘట్టం అది. నాకు నువ్వు అన్నవు, నీ చెల్లెళ్లు నాకు అక్కలు, ఆ మాట ఇంకొకసారి అను అని సెయింట్ జాన్‌ని బతిమాలింది. అతను ఒప్పుకున్నాడు కూడా.

పర్లాకిమిడి పాఠకురాలు అభ్యంతరం చెప్పింది ఇక్కడే. బావను అన్నా అని పిలవడం తెలుగు ఇంట్లో పొరపాటున నోరు జారినా పెద్దవాళ్లు వెంటనే సరిదిద్దే సంగతి. అన్న వరసా బావ వరసా ఒకటి కాదు. ఎవరితో ఎంత చనువుగా ఉండాలి, ఎవరి ఎదుట తల దించుకోవాలి, ఎవరిని ఆట పట్టించవచ్చు అన్నదంతా ఆ ఒక్క పిలుపులో ఉంటుంది. అయితే అదే వీధిలో, గోడ అవతలి ఒడియా ఇంట్లో, జేన్ మాట ఏమాత్రం వింతగా ఉండదు. ఒడియాలో మేనత్త కొడుకును ‘పిఉసీ పుఅ భాఇ’ అంటారు. ఆ పిలుపులోనే ‘భాఇ’ ఉంది. అక్కడ మేనత్త బిడ్డలు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే కాబట్టి సాధారణంగా పెళ్లి ప్రస్తావన రాదు.

సరిహద్దు పట్టణాల్లో ఈ రెండు లెక్కలూ ఒకే మనిషి నోట్లో కాపురం చేస్తాయి. మహేంద్రతనయ ఒడ్డున పర్లాకిమిడి, దాని పక్కనే ఆంధ్ర వైపు పాతపట్నం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీసిన గీత ఊళ్లను వేరు చేసింది గాని సంబంధాలను వేరు చేయలేదు. పాతపట్నం నుంచో టెక్కలి నుంచో పండక్కి వచ్చిన బావను కాలేజీలో చదివే తెలుగు అమ్మాయి తన ఒడియా స్నేహితురాళ్లకు పరిచయం చేయాల్సి వస్తే ‘మో పిఉసీ పుఅ భాఇ’ అనక తప్పదు. ఆ భాషలో వేరే మాట లేదు. ఆ ‘భాఇ’ అన్న మాట చెవిన పడిన అమ్మమ్మ లోపలి నుంచి నవ్వుతుంది. ఆ పిల్ల తెలుగులోకి రాగానే అతను మళ్లీ బావ అయిపోతాడు. భాష మారితే వరస మారుతుందన్న సంగతి ఈ ప్రాంతపు పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. జేన్ తన భాషలోనే ఉండి చేయబోయింది ఇదే. ‘కజిన్’ అన్న మాట బావా కాదు, అన్నా కాదు. ఆ ఖాళీని జేన్ ‘అన్న’ అన్న అర్థంతో నింపింది. సెయింట్ జాన్ కొన్నాళ్లకు దాన్ని ‘బావ’ అన్న అర్థంతో నింపాలని పట్టుపట్టాడు. మూడో భాగంలో నడిచే గొడవంతా, అతని వేదాంతాన్నీ ఆమె తెగువనూ పక్కన పెట్టి చూస్తే, ఆ ఖాళీ మాట మీద నడిచిన గొడవే.

అతని వాదన చూడండి. నువ్వు నా తోడబుట్టినదానివే అయితే నిన్ను వెంట తీసుకుపోదును, పెళ్లి ఊసే ఎత్తకపోదును, కాని తెచ్చిపెట్టుకున్న అన్నాచెల్లెళ్లతనం ఇక్కడ చెల్లదు అంటాడు. ముప్ఫై నిండని మగవాడు పంతొమ్మిదేళ్ల పిల్లను పెళ్లాడకుండా ఓడ ఎక్కించి ఇండియాకు ఎలా తీసుకుపోతాడని లోకం మాటను కూడా అడ్డు పెడతాడు. తొలుత ఒప్పుకున్న అన్న స్థానాన్ని తన అవసరం వచ్చినప్పుడు వదులుకున్నాడు. పైగా అతను రోసమండ్ ఆలివర్ అనే అమ్మాయిని ప్రేమించి, తన పనికి ఆమె తగదని ఆ ప్రేమను చంపుకున్నవాడు. జేన్ మీద అతనికున్నది ఆమె పనిమంతురాలన్న నమ్మకం మాత్రమే. నువ్వు శ్రమ కోసం పుట్టావు, ప్రేమ కోసం కాదు, నా సుఖం కోసం కాదు, నా ప్రభువు సేవ కోసం నిన్ను కోరుతున్నాను అంటాడు. అతను వాడిన ఇంగ్లీషు మాటలో కోరడం కన్నా హక్కుగా అడగడం ఎక్కువ. మేనరికపు సంబంధాలు తెలిసిన పాఠకులకు ఆ గొంతు కొత్త కాదు. పిల్ల మా ఇంటి పిల్లే, అడగడానికేముంది అన్న ధీమా అది. దానికి అతను దేవుడి పేరును జోడించాడు, అంతే తేడా.

జేన్ జవాబు ముగింపుకు తాళంచెవి లాంటిది. చెల్లెలిగా అయితే ఇండియాకు వస్తాను, భార్యగా రాను అంటుంది. అంటే ఆమె ఇండియానూ కాదనలేదు, పనినీ కాదనలేదు, చావునూ కాదనలేదు. ఇండియాకు వెళ్తే తొందరగా చనిపోతానని ఆమెకు తెలుసు, ఆ మాట తనతో తాను అనుకుంది కూడా. ఆమె కాదన్నది ఒక్కదాన్నే, ప్రేమ లేకుండా బావ భార్య కావడాన్ని. కాబట్టి ఈ నవలలో ప్రేమ కర్తవ్యం మీద గెలిచిందని చెప్పే వ్యాఖ్యానం పూర్తిగా సరైనది కాదు. కర్తవ్యం చేయడానికి ఆమె సిద్ధంగానే ఉంది. చుట్టరికం పేరుతో శరీరం మీదికి వచ్చే హక్కును మాత్రమే ఆమె తోసేసింది. 1839లో షార్లెట్‌ను ఆమె స్నేహితురాలి అన్న, హెన్రీ నస్సీ అనే మతాధికారి, పెళ్లికి అడిగితే ఆమె నిరాకరించింది. తన చర్చి పనికి తగిన భార్య కావాలని లెక్క చూసుకుని వచ్చిన ఆ ప్రస్తావన నీడ సెయింట్ జాన్ మాటల మీద పడిందని విమర్శకులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ పోలిక నమ్మదగినదే.

అలాంటి నేపథ్యం నుంచి వచ్చిన వాక్యం కాబట్టే 38వ అధ్యాయం మొదటి వాక్యం అంత పేరు పొందింది. దాన్ని తెలుగు చేయబోతే ఎన్ని చిక్కులున్నాయో ముందు చూడాలి. ‘చదువరీ, నేను అతన్ని పెళ్లి చేసుకున్నాను’ అనవచ్చు. ‘అతన్ని’ అనాలా, ‘ఆయన్ని’ అనాలా అన్నది మొదటి చిక్కు. జేన్ అతన్ని చివరిదాకా ‘సర్’ అనీ, ‘మాస్టర్’ అనీ పిలుస్తూనే ఉంటుంది గనుక ‘ఆయన్ని’ అనాలనిపిస్తుంది. కాని ఈ పెళ్లి నాటికి ఆమె ఆస్తి ఆమెదే, వచ్చింది ఆమె కాళ్లతో ఆమే, చెయ్యి పట్టుకుని నడిపించేదీ ఆమే కనుక ‘అతన్ని’ అన్నదే న్యాయంగా ఉంటుంది. రెండో చిక్కు క్రియది. మన వైపు ఆడవాళ్లు పెళ్లి గురించి చెప్పేటప్పుడు ‘నాకు పెళ్లయింది’ అంటారు, ‘నన్ను ఫలానా ఊరిచ్చారు’ అంటారు. ఒడియాలోనూ ‘మోర బాహాఘర హెలా’ అనే అంటారు. రెండు భాషల్లోనూ పెళ్లి వానలాగా పడే సంగతి, ఎవరో ఇచ్చే సంగతి. ‘చేసుకున్నాను’ అనే ఆడమనిషి మాటలో ఇప్పటికీ కొంత తెగువ వినిపిస్తుంది. ఆ తెగువ మూలంలోనూ ఉంది.

దానికి రుజువు ఆ పేజీలోనే ఉంది, అయితే తొందరగా చదివేవాళ్లు దాన్ని దాటిపోతారు. పెళ్లికి వధూవరులు, మతాధికారి, గుమాస్తా తప్ప ఇంకెవరూ లేరు. ఇంటికి తిరిగొచ్చిన జేన్ నేరుగా వంటింట్లోకి వెళ్తుంది. అక్కడ మేరీ అనే వంటమనిషి నిప్పు దగ్గర రెండు కోళ్లను కాలుస్తూ, వాటి మీద గరిటెతో నెయ్యి లాంటి కొవ్వు పోస్తోంది. ఆమె భర్త జాన్ కత్తులు తోముతున్నాడు. ఈ ఉదయం మిస్టర్ రోచెస్టర్‌తో నాకు పెళ్లయింది అని జేన్ చెబుతుంది. మేరీ చేతిలో గరిటె మూడు నిమిషాల పాటు గాలిలో ఆగిపోతుంది, కత్తుల చప్పుడూ ఆగిపోతుంది. ఆ తర్వాత మేరీ ‘అలాగామ్మా’ అన్నంత మాట అని మళ్లీ పనిలో పడుతుంది. ఇందులో గమనించాల్సింది క్రియారూపం. వంటింట్లో పనివాళ్లకు చెప్పేటప్పుడు జేన్ వాడింది ‘పెళ్లయింది’ అన్న రూపం. చదివేవాళ్లకు చెప్పేటప్పుడు వాడింది ‘చేసుకున్నాను’ అన్న రూపం. నలుగురిలో చెల్లుబాటయ్యే మాట ఒకటి, మనసులో నిజమైన మాట ఇంకొకటి. ఆ రెండో మాటను ఆమె పాఠకులను పేరు పెట్టి పిలిచి మరీ అప్పగించింది.

రోచెస్టర్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అతని గుడ్డితనాన్ని శిక్షగా మాత్రమే చూసేవాళ్లు రెండేళ్ల తర్వాత ఒక కంటికి చూపు వచ్చిన ఘట్టాన్ని నెమ్మదిగా చదవాలి. ఉత్తరం రాయిస్తూ రాయిస్తూ అతను వంగి చూసి, నీ మెడలో ఏదైనా మెరిసే నగ ఉందా అని అడుగుతాడు. బంగారు గడియారపు గొలుసు ఉందంటుంది జేన్. నువ్వు లేత నీలం గౌను వేసుకున్నావా అని మళ్లీ అడుగుతాడు. చూపు వచ్చిందనడానికి ఇంతకన్నా చిన్న సాక్ష్యం ఉండదు. ఈ నవల రాయడం మొదలుపెట్టిన 1846 ఆగస్టులో షార్లెట్ మాంచెస్టర్‌లో ఉంది. తండ్రికి కంటి శుక్లాల ఆపరేషన్ చేయించి, చీకటి గదిలో పడుకున్న అతని పక్కన కూర్చుని ఉంది. ఆమె రాసిన గుడ్డితనంలో తీర్పు కన్నా పక్కన కూర్చుని చూసిన అనుభవమే ఎక్కువగా కనిపించడానికి కారణం అదే కావచ్చు.

పెళ్లి సంగతి ఇలా కొన్ని పేరాల్లో తేలిపోయాక జేన్ చుట్టాల లెక్క చెప్పడం మొదలుపెడుతుంది. డయానాకు నౌకాదళ అధికారితో, మేరీకి మతాధికారితో పెళ్లిళ్లయ్యాయి. ఏడాదికొకసారి వాళ్లు వీళ్లింటికి వస్తారు, ఒకసారి వీళ్లు వాళ్లింటికి వెళ్తారు. రాకపోకలు నిలిచాయన్నమాట. సెయింట్ జాన్ మాత్రం పెళ్లి కబురు రాసిన ఉత్తరానికి జవాబే ఇవ్వలేదు. ఆరు నెలల తర్వాత రాశాడు, అందులో రోచెస్టర్ పేరు లేదు, పెళ్లి ఊసు లేదు. అయినా ఉత్తరం దయగా ఉంది. ఆ తర్వాత ఎప్పుడో ఒకప్పుడు రాస్తూనే ఉన్నాడు. ఇష్టం లేని పెళ్లి చేసుకున్న పిల్లతో మన ఇళ్లలో పెద్దలు ఎలా ఉంటారో తెలిసినవాళ్లకు ఈ ఆరు నెలల మౌనం గురించి వివరించాల్సిన పని లేదు. అల్లుడి పేరు ఎత్తరు, అలాగని పిల్లను వదులుకోరు. అతను జవాబు రాయకుండా ఉండిపోయిన ఆరు నెలల్లో అడిగి కాదనిపించుకున్న బావ ఉన్నాడు. ఆరు నెలల తర్వాత కలం పట్టిన మనిషి అన్న. జేన్ కోరిన వరస చివరికి నిలబడింది. బావగా హక్కు అడిగినవాడు అన్నగా ఉత్తరాలు రాస్తున్నాడు. చివరి మూడు పేరాలు అతనికి ఎందుకు దక్కాయన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. భర్తను సంపాదించుకున్న సంగతి చెప్పడానికి ఆమెకు ఒక్క వాక్యం సరిపోయింది. అన్నను సంపాదించుకున్న సంగతి చెప్పడానికి ఒక అనాథ పిల్లకు పుస్తకం చివరి పుట కావలసి వచ్చింది.

ఆ చివరి పుట ఇండియాలో ఉంది, కాబట్టి ఇక్కడి పాఠకులకు దానితో మరో పేచీ ఉంటుంది. అతను ఏ ఊళ్లో ఉన్నాడో నవల చెప్పదు. ఎవరి మధ్య ఉన్నాడో, ఎవరితో మాట్లాడాడో చెప్పదు. మత కుల దురభిప్రాయాలను మహాబలుడిలా నరికేస్తున్నాడని మాత్రం చెబుతుంది. కులం అన్న మాట ప్రేమ నవలగా పేరుపడ్డ ఈ పుస్తకం ఆఖరి పేరాల్లోకి ఎలా వచ్చిందో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒక మనిషి గొడ్డలి పట్టి పదేళ్లలో నరకగలిగింది కాదు అదని ఈ వైపు ఏ పల్లె పాఠకుడైనా చెబుతాడు. పైగా అతను జేన్ చేత జర్మన్ మాన్పించి హిందుస్తానీ నేర్పించాడు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన బాప్టిస్టు బోధకులు 1822లో కటక్ చేరినప్పుడు వాళ్లకు కావలసి వచ్చింది ఒడియా. గంజాం దక్షిణానికి వస్తే తెలుగు, కొండ ఎక్కితే సవర, కుయి. హిందుస్తానీ ఒక్కటి నేర్చుకుని ఇండియా అంతా తిరగవచ్చనుకున్న సెయింట్ జాన్‌కి ఈ నేల మీద పది మైళ్లు నడిస్తే చాలు, తన చదువు ఎంతవరకు పనికొస్తుందో తెలిసేది. ఈ సందర్భంలో గిడుగు రామమూర్తి గుర్తుకు రాక మానరు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, అడవి నుంచి వచ్చే సవరల మాట విని, వాళ్లలో ఒకరిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్న మనిషి ఆయన. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ ఊరే వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. భాష నేర్చుకోవడంలో కర్తవ్యం ఉండవచ్చు, ప్రేమ కూడా ఉండవచ్చునని ఆ జీవితం పక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. సెయింట్ జాన్ హిందుస్తానీలో ఆ రెండోది ఎక్కడా కనిపించదు. జేన్‌ను అడిగిన పెళ్లిలో కనిపించనట్టే.

ఇండియాకు వెళ్తే తొందరగా చావేనన్న జేన్ భయాన్ని మాత్రం కొట్టిపారేయలేం. గంజాం పట్నమే దానికి సాక్షి. 1815 ప్రాంతంలో వచ్చిన విషజ్వరాలకు ఇంగ్లీషువాళ్లు జిల్లా కచేరీలను అక్కడి నుంచి ఎత్తేసి వేరేచోటికి తరలించుకున్నారు. ఇంగ్లండ్‌లో ఉండి ఇండియాను శ్మశానంగా ఊహించుకోవడం రచయిత్రి కల్పన కాదు, ఇళ్లకు చేరే ఉత్తరాల్లోని వార్త. లోపం ఎక్కడుందంటే, ఆ జ్వరం వచ్చినవాళ్లకే కాదు, ఉన్నవాళ్లకూ తగిలిందన్న ఎరుక చివరి పేజీలో లేకపోవడంలో ఉంది. అక్కడ చనిపోయేది ఒక్క ఇంగ్లీషు మనిషే.

దీనికన్నా పెద్ద లోపం, నిజానికి ఈ ముగింపు మొత్తం మీద పెద్ద మచ్చ, బెర్తాది. 24వ అధ్యాయంలో, పెళ్లికి ముందు, ప్రియుడితో కలిసి చనిపోతానన్న ప్రేయసి పాట ఒకటి రోచెస్టర్ పాడతాడు. నా కాలం వచ్చినప్పుడు చస్తాను గాని, సతీసహగమనంలో తోసేస్తే పోయేదాన్ని కానని జేన్ చమత్కారంగా బదులిస్తుంది. మన దేశపు మంట నవలలోకి మొదట వచ్చింది అలా, పరిహాసంలో. చివరికి ఆ ఇంట్లో మంటల మధ్య చనిపోయింది జమైకా నుంచి తెచ్చుకున్న భార్య. ఆమె ఇల్లు తగలబెట్టి కప్పు మీది నుంచి దూకింది. ఆ చావు జరిగితే గాని ‘నేను అతన్ని పెళ్లి చేసుకున్నాను’ అన్న వాక్యం రాయడానికి వీలు లేదు. తాను సతి కానన్న పిల్ల పెళ్లికి వేరొక స్త్రీ మంటల్లో పోవలసి వచ్చింది. జేన్ గెలుపు కోసం బెర్తా బలి అయిన సంగతిని సాహిత్య విమర్శకురాలు గాయత్రి స్పివాక్ 1985లో రాసిన వ్యాసం లోకం ముందు పెట్టింది. అంతకుముందే, 1966లో, కరీబియన్ దీవుల్లో పుట్టిన జీన్ రీస్ బెర్తా వైపు నుంచి ఒక నవలే రాసింది. సతి అన్న మాట విని నవ్వలేని నేల మీద ఈ ముగింపును చదివేవాళ్లకు, పెళ్లి వాక్యం దగ్గర కలిగే ఆనందం ఈ సంగతి గుర్తుకొచ్చాక మొదటంత తేలిగ్గా మిగలదు. మిగలకూడదు కూడా.

ఇక ఆఖరి ఉత్తరం. సెయింట్ జాన్ చనిపోయాడని చాలామంది గుర్తుంచుకుంటారు. అది పొరపాటు. పుస్తకం ముగిసేనాటికి అతను బతికే ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు, ఇక చేసుకోడని జేన్ రాస్తుంది. మృత్యువు దగ్గరకొచ్చిందని అతను రాసిన ఉత్తరం ఆమె చేతిలో ఉంది. అది చదివి ఆమె ఏడ్చింది, మనుషులు ఏడ్చే ఏడుపే అది. అంతలోనే ఆ ఏడుపుకు కారణమేముందని తనను తాను సర్దుకుంది. ఇంకొక మాట కూడా రాసింది. ఈసారి నాకు వచ్చే ఉత్తరం పరాయి చేతి రాతలో ఉంటుంది, ఆ మంచి సేవకుణ్ని ప్రభువు పిలుచుకున్నాడని ఉంటుంది అంది. నవల ఆ ఉత్తరం రాకముందే, అతని మాటలైన బైబిల్ చివరి పుట ప్రార్థనతో ముగిసిపోతుంది.

ఆ పరాయి చెయ్యి ఎవరిదన్న ప్రశ్న పర్లాకిమిడి పాఠకురాలు ఆ సాయంత్రం వేసిన రెండోది. పక్కన మంచం దగ్గర కూర్చున్న తోటి బోధకుడిది కావచ్చు. అతనికి హిందుస్తానీ దిద్దించిన మున్షీది కావచ్చు, అతని బడిలో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్న పిల్లది కావచ్చు. నవలలో ఈ దేశపు మనిషికి ఉన్న చోటు ఆ ఒక్క చేతి రాత, అదీ ఇంకా రాయని రాత. అటువైపు జేన్ పది మంది చుట్టాలను పేరు పేరునా పాఠకులకు పరిచయం చేసింది. ఇటువైపు, రేపు ఆమె అన్న కళ్లు మూయబోయేవాళ్లకు ఆమె ఏ వరసా కలపలేదు.